పద్నాలుగో నెలలో ఈనిన గొర్రె

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, చుట్టూ మూడు నోటుపుస్తకాలు పరుచుకుని, ఒక పాఠం సగం చూసి ఆపి ఇంకొకటి, అదీ సగం చూసి మరొకటి తెరుస్తూ, చివరికి మూత టప్పున వేసేసి గోడకు తల ఆనించుకుని కూర్చుంది. పిల్లలు బడికి పోయే ఈడు వచ్చాక మళ్లీ ఏదైనా ఉద్యోగం చూసుకోవాలని రెండు నెలలుగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. ఏమైందమ్మా అంటే, "చూసే కొద్దీ ఇంకా ఉండాది అత్తమ్మా, ఎక్కడ మొదలుపెట్టినానో కూడా మర్చిపోయినాను. మీరెట్టా నేర్చుకున్నారు ఆ రోజుల్లో?" అంది. నాలో నేనే నవ్వుకున్నాను. ఎందుకంటే నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఓనమాలు కూడా రాని మా నాయన.

మాది ఉదయగిరి కొండ కింది పల్లె. మా నాయన, పెదనాయన కలిసి గొర్రెల మందను మేపేవారు. ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనొక్కదాన్నే. టైపు హయ్యర్ కూడా పాసై ఊరికే కూర్చున్న రోజుల్లో, ఆత్మకూరు బస్టాండు వెనక ఎరువుల అంగడి మిద్దె మీద కంప్యూటర్ సెంటర్ ఒకటి తెరిచారు. మన తరం వాళ్లకు ఆ గదులు గుర్తుండే ఉంటాయి. చెప్పులు బయట విడవాలి, లోపల చల్లగా ఉండాలి, కంప్యూటర్లకు పెళ్లికూతుళ్లకు మల్లే ముసుగులు వేసి ఉంచేవారు. దసరా వెళ్లగానే మొదలయ్యే ఆరు నెలల కోర్సులో చేరతానని నేను పట్టుబట్టాను. ఆడపిల్ల ఊరు దాటి ఏం నేర్చుకుంటుందని పెదనాయన గట్టిగా అడ్డుపడితే, నాయన ఎట్లాగో ఒప్పించి నన్ను ఆత్మకూరులో పిన్నమ్మ ఇంట్లో దించాడు. శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికి రావడం, సోమవారం మొదటి బస్సుకు తిరిగి పోవడం.

ఉన్నవి మూడు కంప్యూటర్లు, మేము పద్దెనిమిది మందిమి. వారానికి ఒకసారి ముక్కాలు గంట మనది. మిగతా రోజులంతా సారు ఇటుక రాయంత ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నల్లబోర్డు మీద రాస్తూ పోయేవారు, మేము రాసుకుంటూ పోయేవాళ్లం. ఆయన మంచివారే, కానీ ఆయనకు ఆ పుస్తకాన్ని ముగించాలన్న తొందర ఉండేది. తెలుగు మీడియంలో చదివిన నాకు మూడో వారానికల్లా కళ్లు తిరగడం మొదలైంది. ముందు బెంచీ వాళ్లు తలలు ఊపుతుంటే నేనూ ఊపేదాన్ని. పిన్నమ్మ ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే ఒక్క పేజీలో పది తెలియని మాటలు, ఒక్కో మాట వెనక మళ్లీ పది. నాకొక్కదానికే బుర్ర లేదని తీర్మానించుకుని, ఆ శనివారం పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుని, ఇక తిరిగి వెళ్లకూడదని ఇంటికి వచ్చేశాను.

నాయన దొడ్డిలో తడికె కడుతున్నాడు. పక్కనే కూర్చుని, నావల్ల కాదని చెప్పాను. ఆయన కోప్పడలేదు, ధైర్యమూ చెప్పలేదు. చేతిలో తాటినార అట్లాగే పట్టుకుని, "అది సరేగానీమ్మే, ఆ మిషను ఏం చేస్తాదో ఒక్క ముక్క నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు. మనం చెప్పిన లెక్కను మనం చెప్పిన వరసలో చేస్తుందని చెప్పాను. "అయితే మన గొర్రె ఎప్పుడు ఈనుతాదో చెప్తాదా?" అన్నాడు. మా ఇంట్లో పొట్టేళ్లను వేరుగా కట్టి, అదను చూసి మందలోకి వదిలేవారు. పొట్టేలు కలిసిన ఐదు నెలలకు గొర్రె ఈనుతుంది. ఆ లెక్క మా ఇంటి పిల్లలందరికీ పాలతో పాటే వచ్చేది. చెప్పించవచ్చేమో అన్నాను. "పోయి చెప్పించుకోని రా, చూద్దాం. మిగతాదంతా రాకపోతే పోనీలే" అన్నాడు.

ఆ వారం నేను బోర్డు మీద ఉన్నవన్నీ అర్థం చేసుకోవాలని చూడలేదు. నెల అంకె ఎట్లా అడగాలి, దానికి ఐదు ఎట్లా కలపాలి, జవాబు తెర మీదికి ఎట్లా రప్పించాలి, ఈ మూడింటి కోసమే పుస్తకంలో వెతికాను. వెతుక్కుంటూ పోతే ఆ పుస్తకం అంత లావుగా అనిపించలేదు. నా వంతు వచ్చినప్పుడు నాలుగు వరసలు కొట్టి, మా బొల్లి గొర్రెకు పొట్టేలు కలిసిన సెప్టెంబరును తొమ్మిదని ఇచ్చాను. నల్లని తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో జవాబు వచ్చింది, ఈనేది పద్నాలుగో నెల అని! పక్కనున్న అమ్మాయి చూసి పకపకా నవ్వింది. గది అంతా నవ్వింది, సారు కూడా మీసాల చాటున నవ్వారు.

ఆదివారం నాయనకు చెబితే, మంచం మీద వెనక్కి పడి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "దానికేం తెలస్తాదిమ్మే పాపం. పాల్గుణం అయిపోతే మళ్లా చైత్రమే గదా. పన్నెండు దాటినప్పుడు పన్నెండు తీసెయ్యమని చెప్పు దానికి" అన్నాడు. బోర్డు మీద సారు రెండు రోజులపాటు చెప్పినా నా తలకెక్కని 'ఇఫ్' అనేది సరిగ్గా అదే. ఫలానా అయితే ఇట్లా చెయ్యి, లేకపోతే అట్లా వదిలెయ్యి. మరుసటి వారం ఆ ఒక్క వరస చేర్చాను, రెండో నెల అని వచ్చింది. కుర్చీలో కూర్చునే ఎగిరినంత పని చేశాను.

ఇక అప్పటినుంచి ప్రతి ఆదివారం నాయన ఒక ప్రశ్న ఇచ్చేవాడు, ప్రతి వారం నేను దాని జవాబు వెతుక్కునేదాన్ని. నెల చెబితే ఏం లాభం, రోజు చెప్పొద్దా అన్నాడు. నెలకు ఎన్ని రోజులో కంప్యూటర్‌కు నేర్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒక్క గొర్రె సంగతేనా, మందంతా పట్టదా అన్నాడు. అట్లా బొల్లిది, కర్రిది, చెవి చీలింది, కుంటిది అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కూర్చున్నాయి. కరెంటు పోతే ఇదంతా ఏమవుతుందని అడిగితే, ఫ్లాపీలో దాచుకోవడం నేర్చుకున్నాను. ఆ నల్ల అట్టముక్కలో తన మంద అంతా ఉందంటే నాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సంక్రాంతి దాటేసరికి పుస్తకంలో ముప్పాతిక భాగం నాకు వచ్చేసింది, నాకే తెలియకుండా.

చిక్కు ఫిబ్రవరిలో వచ్చింది. కింద బీళ్లు ఎండితే మందను కొండ అవతలి వాలుకు తోలుకుపోయి పది రోజులు అక్కడే ఉండటం మావాళ్ల అలవాటు. అంతకు ముందు ఏడు బొల్లిదానికి ఆ రాళ్ల మధ్యనే నొప్పులొచ్చి, కడుపులో అడ్డం తిరిగిన పిల్ల పోయి, తనూ చావు తప్పి బయటపడింది. నేను అచ్చు తీసి తెచ్చిన కాగితంలో ఈసారి అది ఈనే రోజు సరిగ్గా ఆ పది రోజుల్లో వచ్చే శుక్రవారం. నాయన బొల్లిదాన్ని తోలనని, తాను దానితో ఇంటి దగ్గరే ఉంటానని అన్నాడు. పెదనాయన మండిపడ్డాడు. "కాగితం చూసి గొర్రె ఈనుతాదంట్రా? సరే చూస్తా. ఈనకపోతే సోమారం నుంచి ఆ పిల్ల బస్సెక్కే పని లేదు" అని, కర్ర భుజాన వేసుకుని మిగతా మందను తోలుకుపోయాడు.

శనివారం సాయంత్రం బస్సు దిగి నేరుగా దొడ్డికే పరుగెత్తాను. బొల్లిది తాపీగా నెమరు వేస్తోంది. శుక్రవారం దాటిపోయింది. నాకు అన్నం సయించలేదు. ఎక్కడ లెక్క తప్పానో, ఏ నెలకు ఒక రోజు ఎక్కువ ఇచ్చానో అని వరసలన్నీ మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను. ఆదివారం పొద్దెక్కాక అది కాలితో నేల గీకి పడుకుంది. నాయన చేతికి ఆముదం రాసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈసారీ పిల్ల అడ్డం తిరిగి, వెనక కాలు ముందు వచ్చింది. మెల్లగా సర్ది, దాంతో మాట్లాడుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం లాగి పిల్లను బయటికి తీశాడు. వెనకనే ఇంకొకటి. రెండూ బతికాయి! నేను, అమ్మ ఒకరినొకరు పట్టుకుని గెంతులు వేశాం. నాయన గడ్డి మీద చేతులు తుడుచుకుంటూ, "రెండు దినాలు తప్పింది నీ మిషను" అన్నాడు. తప్పింది మిషను కాదు, గొర్రె అన్నాను.

కొండ దిగి వచ్చిన పెదనాయన పిల్లల్ని ఎత్తి చూసి, ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ మరుసటి ఆదివారం తనే వచ్చి, "మ్మే, నా వంతు జీవాల్ని కూడా ఎక్కించు దాంట్లో" అన్నాడు. కోర్సు చివర అందరూ పుస్తకంలోని జీతాల లెక్కను చేసి చూపిస్తే, నేను నా మందను చూపించాను. పద్నాలుగో నెల గుర్తు చేసి మళ్లీ ఒకసారి నవ్వాక, తర్వాతి బ్యాచికి పాఠాలు చెప్పమని సారు నన్నే అడిగారు. ఆ పని నుంచి మొదలై ఇరవై ఎనిమిదేళ్లు కంప్యూటర్ల ముందే నా ఉద్యోగం నడిచింది.

నాయన పోయిన తర్వాత ఒకరోజు ఈ సంగతులు తలచుకుంటుంటే అమ్మ మెల్లగా చెప్పింది. "ఆయన ఇంటికాడ ఆగింది కాగితం చూసి కాదు తల్లీ. పొదుగు పట్టి చూసినాడు, ఈనే పొద్దు దగ్గరపడిందని తెలిసిపోయింది. అన్న ముందర నీ కాగితం పేరు చెప్పినాడు, అంతే." ఆ మాట విని నేను ఎంత నవ్వానో అంత ఏడ్చాను.

కోడలికి ఇదంతా చెప్పాను. ఒక్కటి తప్ప మిగతా పాఠాలన్నీ కట్టేసి, అనుమసముద్రంపేటలో ఉన్న వాళ్లమ్మ ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో చెప్పే చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టింది. నిన్న అది ఆమెను సాయంత్రం మాత్ర పొద్దున్నే వేసుకోమందట, కోడలు వంటింట్లోకి వచ్చి నవ్వుతూ చెప్పింది.

ఇప్పుడు కొండ కింద మందలు పలచబడ్డాయి. ఆత్మకూరులో కంప్యూటర్ సెంటర్ ఉన్న ఆ మిద్దె మీద సెల్‌ఫోన్ల అంగడి ఉంది. నాకు ముక్కాలు గంటకు వారమంతా ఎదురుచూడాల్సి వచ్చేది, కోడలికి అరచేతిలోనే ప్రపంచంలోని పాఠాలన్నీ ఉన్నాయి, ఏది అడిగినా క్షణంలో జవాబు వస్తుంది. నాకు సంతోషమే, ఆ సౌకర్యం నాకుంటే నేను వద్దనేదాన్ని కాదు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది. జవాబు చెప్పేవాళ్లు ఇంతమంది ఉన్న ఈ కాలంలో, ఒక ప్రశ్న అడిగి, మన జవాబు కోసం ఆదివారం దాకా దొడ్డి తడికె దగ్గర కాచుకుని ఉండే మనిషి ఎంతమందికి దొరుకుతాడా అని.