ముత్తుప్పేచ్చి ముందు మా వకీలు తాత

మా తాత దామోదరసామి కోవిల్‌పట్టి కోర్టులో ఇరవై ఎనిమిదేళ్లు పటాసు ఫ్యాక్టరీల యజమానుల తరఫున వాదించాడు. ఇంట్లోనూ అదే తీరు. చారులో ఉప్పు ఎక్కువైతే, "నువ్వు ముందు రుచి చూసితివా? చూడకుండా ఏల వడ్డిస్తివి?" అని అవ్వను విచారించేవాడు.

అలాంటి మనిషి రెండువేల మూడులో నల్లకోటు విప్పేసి విరుదునగర్‌లో ఒక ఆరోగ్య సంస్థకు సలహాదారుగా చేరాడు. కాలిన కూలీలకు చికిత్స ఆలస్యం కాకుండా ఏ నియమాలు ఉండాలో సర్కారుకు రాసివ్వడం పని. తలనొప్పి మాత్ర పేరు కూడా తెలీని మా తాతకు!

"చట్టంలో సందులన్నీ నేను దూరినవే. వాటిని పూడ్చేకి నాకన్నా ఎవరుండారు?" అనేవాడు.

యజమానులు పలకరించడం మానేశారు. వకీళ్ల గదిలో ఆయన కుర్చీ మాయమైంది. "యీ వయసులో డాక్టరుకు చదవబోతాడంట" అని అవ్వ వీధంతా చాటింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు తీరిక ఎక్కువ కాబట్టి, ఆయన్ని మొపెడ్ మీద తిప్పే పని నాకు పడింది.

తాత కోరిన నియమం ఒక్కటే: నాలుగు ఫ్యాక్టరీలకు ఒక ఆంబులెన్సు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. పావుగంటలో బండి వస్తూనే ఉందని యజమానులు అప్పటికే రాసిచ్చారు. అది అబద్ధమని కాలినవాళ్ల ఇంటివాళ్లు శుక్రవారం విరుదునగర్‌లో సర్కారు జరిపే విచారణలో చెప్పాలి. తాయిల్పట్టి దగ్గర కూలీ ఆడవాళ్లంతా మాట వినే ముత్తుప్పేచ్చి చెబితే నలభై ఇళ్లవాళ్లు చెబుతారు. ఆమె చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

మేం వెళ్లేసరికి ఆమె వాకిట్లో పటాసులకు కాగితపు గొట్టాలు చుడుతోంది. కూర్చోమనలేదు.

"మీ ఇంటాయన కాలినాక ఆస్పత్రికి చేరేకి ఎంతసేపు పట్టిందమ్మా?" అన్నాడు తాత.

"నన్నా అడిగేది? నా చేతికి గడియారం లేదే వక్కీలయ్యా. గంటలు చూసేకి తెలవనిదాన్ని కదా నేను."

తాత తల వంచుకున్నాడు. అవి ఆయన మాటలే. తొంభై రెండులో, తన మొగుడు మునియసామి కాలిన ఒంటితో బండి కోసం మూడు గంటలు నేల మీద పడి ఉండి చచ్చిపోయాడని ఆమె కోర్టులో చెప్పింది. "గడియారం ఉందా? గంటలు చూడ్డం వచ్చా? మరి మూడు గంటలని ఎలా తెలుసు?" అని తాత అడిగాడు. ఆమె ఏడ్చింది. కేసు పోయింది. ఆ సాయంత్రం తాత దాన్ని మాకు నటించి చూపిస్తే, ఏడేళ్ల నేను పడీ పడీ నవ్వాను.

"అప్పుడు నా పని అది" అన్నాడు తాత.

"ఇప్పుడు నా పని ఇది. పోండి."

"నువ్వు చెప్పకుంటే బండి రాదు. రేపు ఇంగొకరు కాలితే?"

"మా పిల్లల్ని చూపి బెదిరిస్తావా? నేను అబద్ధం చెప్పినానని మీ కోర్టు కాగితంలో ఉండాది. దాన్ని నీ నోటితోనే తుడుపు, నలుగురి ముందర. అప్పుడు మాట్లాడతా."

దారిలో అడిగాను. "ఒక్క మాటే కదా తాతా, చెప్తే ఏమి పోతాది?"

"అంతా పోతాదే. గెలిచిన కేసు తప్పని నేనే అంటే, ఇంగ నా మాట ఎవరు నమ్ముతారు?"

శుక్రవారం ముత్తుప్పేచ్చి ఆడవాళ్లందరితో వచ్చి వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చుంది. బండ్లు వేళకు రావని తాత మునియసామి చావును ఎత్తి చూపగానే యజమానుల తరఫున లేచినవాడు, తాత దగ్గరే పదేళ్లు పని నేర్చుకున్న పొన్నుసామి.

"సార్, ఆమెకు గంటలు తెలియవని కోర్టులో తేల్చింది మీరే. మీరు మోసం చేసింది అప్పుడా, ఇప్పుడా?"

గురువు నేర్పిన ఎత్తే. అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది ముసలాయన.

తాత ముత్తుప్పేచ్చి వైపు చూశాడు.

"అప్పుడు," అన్నాడు. "ఆమె చెప్పింది నిజం. తెలిసే అడ్డుకున్నాను."

గదిలో గోల. ఎవరో "ద్రోహీ!" అని అరిచారు. సంస్థను నడిపే పెద్దాయన, తాత పేరున్న కాగితాన్ని ఫైలులోంచి తీసి బోర్లా పెట్టాడు. సలహాదారు పని అక్కడికక్కడే పోయిందని నాబోటిదానికి కూడా అర్థమైంది.

ముత్తుప్పేచ్చి ముందుకొచ్చింది. తాత చేతులు జోడించాడు. ఆమె చూడను కూడా లేదు.

"జరగండి వక్కీలయ్యా. నేను నిలబడేకి తావు కావాల."

తాత జరిగాడు. ఆమె మైకు పట్టుకుని మునియసామి పేరుతో మొదలుపెట్టింది. వెనక వరసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు.