వేమూరు దాటాక విసిరేసిన పళ్ళు

మా చిన్నప్పుడు రేపల్లెలో పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేవాళ్ళం... అలా చేస్తేనే కొత్త పన్ను వస్తుందని నాయనమ్మ చెప్పేది. మా తమ్ముడు వాసు ఆ మాట గట్టిగా నమ్మేవాడు.

వాడికి తొమ్మిదేళ్ళప్పుడు తెనాలిలో పళ్ళ డాక్టరు గారు నోరు చూసి, "పెద్ద పళ్ళకి చోటు చాలట్లేదండి. నాలుగు పాలపళ్ళు ముందే తీసేద్దాం, తర్వాత క్లిప్పు వేస్తే వరస కుదురుతుంది" అన్నారు.

ఆ రోజు రెండు పీకారు... కాస్త కూడా ఊగని పళ్ళు. నర్సు వాటిని దూదిలో చుట్టి వాడి చేతిలో పెట్టింది.

"రైలు దిగగానే నీకు ఐస్‌క్రీమ్ నాన్నా" అంది అమ్మ.

"మరి నాకు?" అన్నాను.

"నీ పళ్ళేమన్నా పీకారా ఏంటే?"

పదమూడేళ్ళదాన్ని... ఒళ్ళు మండిపోయింది.

రైల్లో "ఏదీ, చూసిస్తాను" అన్నాను. అక్కని కదా, ఇచ్చేశాడు. వేమూరు దాటాక అమ్మ చూడకుండా ఆ పొట్లాన్ని కిటికీలోంచి విసిరేసి, వాడి చెవిలో "ఇంక నీకక్కడ పళ్ళు రావురా, బోసినోరే" అన్నాను.

వాడు కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ అరిచాడు. పన్ను పీకిన చోట పెట్టిన దూది జారి చొక్కా అంతా రక్తం... వాడే పారేసుకున్నాడనుకుని అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఇంటికెళ్ళాక అక్కే పారేసిందని చెప్పాడు. కాదన్నాను. అందరూ నన్నే నమ్మారు.

మిగతా రెండూ పీకించేటప్పుడు నాన్న వాడి చేతులు పట్టుకోవలసి వచ్చింది.

మొదటి రెండింటి చోట ఏడాది దాటినా ఏమీ రాలేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు వేలితో తడుముకునేవాడు. జాలేసేది... కానీ కొన్నాళ్ళు సరదాగా కూడా ఉండేది. అబద్ధమెందుకు చెప్పాలి!

తర్వాత పళ్ళొచ్చాయి, వరసా కుదిరింది. వాడిప్పుడు బాపట్లలో లెక్కల మాస్టారు. పోయిన వారం వాళ్ళ పాపకీ అలాగే పళ్ళు తీయించారంటే చూడ్డానికి వెళ్ళాను. "ఏదమ్మా, చూపించు" అని చెయ్యి చాపాను. పాప ఇవ్వబోయింది. వాసు దాని గుప్పెట మూసేసి, "అత్తకి మాత్రం ఇవ్వకు తల్లీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు...

ఇప్పుడు పిల్లలకి నొప్పి తెలియనివ్వడం లేదు, పేడముద్దలూ పోయాయి. మీ తోడబుట్టినవాళ్ళకి మీరు చేసిందేమైనా గుర్తొస్తే కింద కామెంట్లలో రాయకండి... ముందు వాళ్ళనే క్షమించమని అడగండి.

నేనింకా అడగలేదు.