నిద్రపోతుందనుకున్న పేట

మా పై వాటాలో ఉండే ఆవిడను ఆఫీసులో అందరూ రేపటమ్మ అంటారు. ఆవిడ పని రేపటి సంగతి చెప్పడం. రేపు ఊరికి ఎంత కరెంటు కావాలి, ఎండ ఎంత కాస్తుంది, గాలి ఎంత వీస్తుంది, సోలారు పలకలూ గాలిమరలూ కలిసి ఎంత ఇస్తాయి, తక్కువ పడినది బజారులో ఎంత కొనాలి. కరెంటుకు కూడా ఒక బజారు ఉంటుందని, ఇవాళ బేరం కుదిరితేనే రేపటి సరుకు దొరుకుతుందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

"కూరగాయలైతే మిగిలినవి ఎల్లుండి వండుకోవచ్చండీ. ఇది పుట్టిన క్షణంలోనే ఖర్చయిపోవాలి. ఎక్కువ కొంటే దండగ, తక్కువ కొంటే చీకటి," అని ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది.

కోపం సులువుగా వచ్చే మనిషి కాదు. పాలలో నీళ్లు ఎక్కువైతే "రాత్రి వాన పడిందేమో బాబూ" అని పాలవాడితో నవ్వేసే రకం. అలాంటి ఆవిడకు ఒక్క విషయంలో మాత్రం ఒళ్లు ఇప్పటికీ మండుతూనే ఉంది. అదేమిటో విడతలు విడతలుగా, అర్థం కానిచోట మళ్లీ అడిగి విన్నాను. విన్నాక నాకూ మండింది.

ఆవిడ కంప్యూటరులో ఊరు పేటలు పేటలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పేటకు ఒక్కో గీత. ఎక్కువ వాడితే పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి దీపాలూ పంకాలూ వేసుకునే వేళకు అన్ని పేటల గీతలూ ఎగబాకుతాయి. ఊరి చివరి పేట ఒక్కటే తేడా. పొద్దు వాలగానే దాని గీత బావిలో బొక్కెనలా దిగిపోయేది. ఊరంతా పడుకునే వేళకు ఒకసారి ఎద్దు మూపులా చిన్నగా లేచి, మళ్లీ అణిగేది. ఆఫీసులో దానికి నిద్రపేట అని పేరు పెట్టారు. పొద్దుగూకగానే పక్కలెక్కే అదృష్టవంతులనుకున్నారు. మరి ఆ మూపేమిటని ఎవరైనా అడిగితే, "అందరూ ఒకేసారి మంచినీళ్లకు లేచి ఉంటారు" అని నవ్వుకునేవారు.

నవ్వినవాళ్లలో ఆవిడా ఉంది. ఆ పేట లెక్క చూసేదే ఆవిడ. రోజూ ఒకే తీరు గనక ఆవిడ చెప్పిన అంకెకూ మీటరు చూపిన అంకెకూ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఏడాది చివర జరిగే సభలో పెద్దసారు ఆ గీతను గోడంత తెర మీద వేసి, "అంచనా అంటే ఇలా ఉండాలి" అని చప్పట్లు కొట్టించాడు.

ఆ చప్పట్ల వేడి తగ్గకముందే ఆవిడ వదిన వచ్చింది. భర్తకు అక్క. ఇన్నాళ్లూ ఎవరి పిండిమరలోనో కూలికి పనిచేసి, ఈ మధ్యే అద్దె తక్కువని ఊరి చివర ఒక గది చూసుకుని సొంతంగా మర పెట్టుకుంది. సెలవురోజున తమ్ముడి ఇంటికి పిండి సంచీ మోసుకొచ్చి, వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏం మరదలా, రేపు నా మర ఎన్నింటికి ఆగుతుందో చెప్పు, నీ విద్య చూద్దాం."

"మర ఎందుకాగుతుంది వదినా? మోటారు కొత్తదేగా."

"మోటారు కొత్తదే. జబ్బు కరెంటుకి. పొద్దు వాలగానే పోతుంది, జనం పడుకున్నాక వస్తుంది. పనుల నుంచి వచ్చి నాలుగు గింజలు ఆడించుకుందామంటే సాయంత్రమే కదా తీరిక. సరిగ్గా అప్పుడే మర మూగబోతుంది."

"ఎక్కడో రిపేరు జరుగుతూ ఉంటుంది లెండి."

"పక్కింటావిడ కాపురానికొచ్చిన నాటి నుంచీ అదే రిపేరట. ఆవిడ కూతురికి పెళ్లీడొచ్చింది గానీ రిపేరు మాత్రం తెమల్లేదు."

ముందుగదిలోంచి తమ్ముడు అందుకున్నాడు. "అక్కా, ఆవిడ రేపటి సంగతే చెబుతుంది. ఇవాళ్టి చీకటి వేరే డిపార్టుమెంటు."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ, మర ఏ పేటలో పెట్టారో అడిగింది. వదిన చెప్పింది. చెప్పగానే ఆ గీత కళ్ల ముందుకొచ్చిందట. బావిలోకి దిగిన బొక్కెన, ఆ తర్వాత మూపు. కరెంటు తిరిగి రాగానే పేటలోని ఫ్రిజ్‌లూ నీళ్ల మోటార్లూ ఒక్కసారిగా తిరిగితే గీత అలాగే లేస్తుంది. మంచినీళ్లకు ఎవరూ లేవలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లీ వెళ్లగానే నడవ దాటి ఎదుటి గదికి వెళ్లింది. ఏ పేటకు కరెంటు వదలాలో, ఏ పేటకు ఆపాలో చెప్పే గది అది. అక్కడి పెద్దమనిషిని అందరూ స్విచ్చుల సారు అంటారు.

"సాయంత్రాలు నిద్రపేట ఆపుతున్నారా సార్?"

"ఆపక ఏం చెయ్యమంటావమ్మా? సూర్యుడు దిగుతాడు, సోలారు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా ఇంటికొచ్చి స్విచ్చులేస్తుంది. మీరు కొనమన్న కరెంటు చాలదు. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. అక్కడైతే గొడవుండదు, ఒక్క ఫోనూ రాదు. అయినా సాయంత్రాలు వాళ్లు పెద్దగా వాడరని నీ లెక్కే చెబుతోందిగా."

ఆయన మాటలో కల్మషం లేదు. అటు గదిలో ఆపేవాళ్లు ఆపుతున్నారు, ఇటు గదిలో రాసేవాళ్లు వాడలేదని రాస్తున్నారు. మధ్యన ఉన్నది ఒక నడవ, ఒక మంచినీళ్ల కుండ. ఇన్నేళ్లూ ఆ కుండ దగ్గర రెండు గదులవాళ్లూ కలిసి నీళ్లు తాగారు, క్షేమసమాచారాలు అడుక్కున్నారు, ఈ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇక్కడ నాకు కాస్త తికమకగా ఉండి మళ్లీ చెప్పమన్నాను. ఆవిడ విసుక్కోలేదు.

"ఒకడికి రాత్రి కంచం పెట్టమండీ. తినలేదని రాసుకుంటాం. వీడు రాత్రిపూట తినడని మర్నాటి నుంచి వాడి వంతు బియ్యం పొయ్యడం మానేస్తాం. బియ్యం తక్కువయ్యాయి గనక మళ్లీ వాడికే పెట్టం. చివరికి, చూశారా ఎంత కచ్చితంగా చెప్పామో అని మేమే ఒకరికొకరం దండలేసుకుంటాం."

అది కరెంటు కొనుగోలుకు ఏడాది ఒప్పందం కుదుర్చుకునే కాలం. ఏ పేటకు సాయంత్రం ఎంత కావాలో ఎవరి లెక్క వాళ్లు ఇస్తే, అవన్నీ కలిపి సంతకాలు పెడతారు. పాత అంకె వెళ్లిందంటే ఆ పేటకు ఇంకో ఏడాది చీకటి. వదిన అప్పటికే తేల్చి చెప్పింది. సాయంత్రం మర ఆడకపోతే ఎండాకాలం దాకా లాగలేనని, మోటారు అమ్మేసి మళ్లీ కూలికి పోతానని.

రేపటమ్మ పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన అంతా శ్రద్ధగానే విన్నాడు.

"మన పని ఎంత వాడతారో చెప్పడమమ్మా. ఎంత వాడాలనుకుంటున్నారో చెప్పడం కాదు. కోరికలకు మీటరు లేదు."

"పోనీ, మనం ఆపిన గంటలకు ఆపామని ఒక గుర్తైనా పెట్టాలి కదా సార్. వాడలేదని ఎలా రాస్తాం?"

"అడగనిదే అమ్మైనా పెట్టదు. ఆ పేట నుంచి ఒక్క ఫిర్యాదు చూపించు."

ఈ మాట నాకు చెబుతున్నప్పుడు ఆవిడ చేతిలోని తడిబట్టను అవసరానికి మించి పిండింది. "అమ్మ పెట్టదేమో గానీ, పెట్టకుండా మానేసి, మా వాడికి ఆకలే ఉండదని ఏ అమ్మా వీధిలో చెప్పుకోదండీ."

పట్టు వదలకుండా రోజూ వెళ్లి అడిగేసరికి పెద్దసారు విసిగి ఒక వారం పరీక్షకు ఒప్పుకున్నాడు. ఆ వారం నిద్రపేటలో సాయంత్రం కరెంటు ఆపరు. వాడితే ఆవిడ మాట నిజం. ఒకటే షరతు, పేటలో ఎవరికీ చెప్పకూడదు. చెబితే పరీక్ష చెడిపోతుందట.

మొదటి సాయంత్రం తెర ముందు కూర్చుంది. గీత కొద్దిగా తటపటాయించి ఎప్పటిలాగే దిగిపోయింది. రెండో సాయంత్రమూ అంతే. ఉండబట్టలేక వదినకు ఫోను చేసి, పరీక్ష మాట ఎత్తకుండా, మర ఆడుతోందా అని అడిగింది.

"కరెంటైతే ఉంది. ఎప్పుడు పోతుందో ఎవరికి ఎరుక? గింజ పోశాక పోయిందంటే సగం నలిగి రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. అది గీకేది నువ్వా, మీ పెద్దసారా?"

అప్పుడు తెలిసింది. ఆ పేట కరెంటును నమ్మడం ఏనాడో మానేసింది. వెలుగుండగానే వంటలు, వెలుగుండగానే ఇస్త్రీలు, వెలుగుండగానే బిందెల్లో నీళ్లు. వీళ్లు నవ్వుతూ పెట్టిన పేరును ఆ జనం నిజంగానే బతుకుతున్నారు. తలుపు తీసిపెట్టి, తీశామని చెప్పకుండా, లోపలికి రాలేదేమని అడుగుతున్నది ఆఫీసు.

"ఇచ్చి చూశాం, వాడలేదు. ఇక నీ మనసు కుదుటపడిందా?" అన్నాడు పెద్దసారు మర్నాడు.

కుదుటపడలేదు. ఆ మధ్యాహ్నమే వదినకు మళ్లీ ఫోను చేసింది.

"వారం పొడుగునా సాయంత్రం కరెంటు పోదు వదినా. మర తెరవండి."

"ఇది మీ ఆఫీసు మాటా, నీ మాటా?"

"నా మాట."

"నీ మాటైతే తెరుస్తా. ఆఫీసు మాటైతే దుప్పటి కప్పుకుని పడుకుందును."

మర మోత వినగానే పేటకు సంగతి తెలిసిపోయింది. ఇస్త్రీ బండివాడు పెట్టె వేడిచేశాడు. వడ్రంగి రంపం మోటారు తిప్పాడు. పేట గీత మిగతా గీతల వెంట తలెత్తుకుని ఎక్కింది. వారం ముగిసేదాకా ఎక్కుతూనే ఉంది.

ఒప్పందం సభలో పెద్దసారు ఆ గీతను చూశాడు, ఆవిడను చూశాడు.

"వాళ్లకు చెప్పావా?"

"చెప్పాను సార్."

"కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని సామెత. బుద్ధిగా ఉన్నవాళ్లకు లేనిపోని ఆశ పెట్టావు."

"వాళ్లు బుద్ధిగా లేరు సార్, చీకట్లో ఉన్నారు. రేపు వాన పడుతుందని మనమే చెబుతాం. అది విని రైతు విత్తనం చల్లితే, వాన లెక్క చెడగొట్టాడని అంటామా?"

గదిలో ఎవరో దగ్గారు. స్విచ్చుల సారు బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. చెప్పకముందు జరిగిన సాయంత్రాలే చెల్లుతాయని, చెప్పాక జరిగినవి చెల్లవని తీర్మానం రాశారు. పాత అంకె మీదే సంతకాలయ్యాయి. చదువుకున్నవాళ్లు ఇందరు ఒక బల్ల చుట్టూ కూర్చుని, జనానికి తెలియకుండా ఇచ్చిందే ఇచ్చినట్టు, తెలిసి వాడుకున్నది వాడనట్టు ఒప్పేసుకుని టీ తాగారు. ఆవిడ తాగలేదు.

ఆ మర్నాటి నుంచి నిద్రపేటకు నిజంగా ఎంత కావాలో అంతే అంకె వేస్తోంది. పెద్దసారు రోజూ అది కొట్టేసి పాతది వేసి బజారుకు పంపిస్తాడు. కోత మామూలుగా పడుతుంది. ఆవిడ వేసిన అంకెకూ మీటరు అంకెకూ తేడా మొత్తం ఆవిడ పేరు మీద పడుతుంది. చప్పట్లు కొట్టించుకున్న మనిషే ఇప్పుడు ఆఫీసులో అందరికన్నా ఎక్కువ తప్పులు చేసే మనిషి. రావలసిన ప్రమోషను పక్క బల్లకు పోయింది. "తప్పు నా అంకెలో లేదు సార్, ఎదురుగదిలో ఉంది" అంటుందే గానీ అంకె మార్చదు.

పేటలో మాత్రం కథ వేరేగా నడిచింది. పరీక్ష వారం అయిపోయిన మర్నాడు మరలో గింజ ఉండగా, గడపలో జనం ఉండగా కరెంటు పోయింది. ఇదివరకైతే నిట్టూర్చి ఇళ్లకు పోయేవారు. ఈసారి ఎవరూ కదల్లేదు. ఫోన్లు మొదలయ్యాయి.

స్విచ్చుల సారు నడవలో ఆవిడను ఆపి మొరపెట్టుకున్నాడు. "వాళ్లకేం మందు పెట్టావమ్మా, ఫోను కింద పెట్టనివ్వడం లేదు."

"పెద్దసారు ఫిర్యాదు చూపించమన్నారు సార్. వాటిని ఆయన గదికి కలపండి."

కలిపాడు కూడా. పెద్దసారు ఓపిగ్గా విని, ఫోనులో చెప్పింది ఫిర్యాదు కిందికి రాదని, కాగితం మీద రాసివ్వాలని సెలవిచ్చాడు. ఆ మాట పేటకు చేరేసరికి వదిన మోటారు అమ్మే బేరం మానుకుంది. కూలికి పోతే పోదాం గానీ వీళ్ల సంగతి తేల్చాకే పోతానంది. పొద్దున పూట మర ఆడిస్తూ, గడపలో ఒక బల్ల వేసి తెల్లకాగితాలు పెట్టింది. ఫిర్యాదు రాస్తేనే పిండి. రాయడం రాదన్నవాళ్లకు తనే రాసిపెట్టి వేలిముద్ర వేయిస్తోంది.

మొన్న సెలవుకు రేపటమ్మ వెళితే, వదిన ఆవిడ ముందుకూ ఒక కాగితం తోసింది.

"నేను ఆ ఆఫీసు మనిషిని వదినా. పైగా ఈ పేటదాన్ని కాను."

"మా పిండి తింటావా, తినవా?"

"తింటాను."

"అయితే రాయి. నీ ఉద్యోగం పేరు కూడా పెట్టు, చదివేవాడికి కాస్త భయముంటుంది."

ఆవిడ పిండి అంటిన బల్ల మీద మోచెయ్యి ఆనించి రాసింది. పొద్దు వాలగానే మీరు కరెంటు ఆపుతున్నారని, ఆపి మేం వాడలేదని రాసుకుంటున్నారని. కింద పేరు రాసి, దాని పక్కన ఉద్యోగం రాసి, సంతకం పెట్టింది.