వెల్లకిలా తిప్పిన మౌస్

పటమట ఆఫీసులో మా సీనియర్ మేడంకి ఒక అలవాటుండేది. ఎవరు కొత్త ప్రోగ్రాం చూపించినా ముందు మౌస్‌ని టేబుల్ మీద వెల్లకిలా తిప్పేసేవారు. ఆనక, మౌస్ లేకుండానే ఒక గడి నుంచి ఇంకో గడికి తీసుకెళ్ళే ట్యాబ్ కీ కొడుతూ, "ఇప్పుడు నేను ఏ గడిలో ఉన్నానండీ?" అని నిలదీసేవారు.

గన్నవరంలో ఒక కంటి ఆసుపత్రి కౌంటర్‌కి, వచ్చినవాళ్ళ పేర్లు ఎక్కించే ప్రోగ్రాం మేం రాసిచ్చాం. విండోలు, బటన్లు గీసిపెట్టే పాత టూల్‌కిట్‌తో ఆవిడకి రోజూ పోరే. తెలుగు పేర్లలో ఒత్తులు సగానికి తెగిపోయేవి. పెద్ద స్క్రీన్ మీద అక్షరాలు చీమల్లా కనిపించేవి. ట్యాబ్ మాత్రం చెప్పిన వరసలో నడిచేది. చివరికి విసిగిపోయి, అంతా కొత్త టూల్‌కిట్‌లోకి మార్చేశారు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కానీ ట్యాబ్ కొడితే ఏ గడికి దూకుతుందో తెలిసేది కాదు. ఎంత సరిచేసినా లొంగలేదు.

కొత్తది పెట్టిన మొదటిరోజు నేనూ మేడమూ కౌంటర్ పక్కన నిలబడ్డాం. ఎప్పుడూ ట్యాబ్ కొట్టుకుంటూ, ఎదుటి మనిషి మొహం చూస్తూ టైపు చేసే కౌంటర్ అమ్మాయి, ఇప్పుడు మౌస్ పట్టుకుని స్క్రీన్‌లో వెతుక్కుంటోంది. కంటికి కట్టుతో వచ్చిన పెద్దావిడ పేరు రెండోసారి చెప్పి, "ఇటు చూడవేంటమ్మా?" అంది.

"పాతదే పెట్టేద్దామా మేడం?" అన్నాను మెల్లగా.

"అందులో ఆవిడ పేరు సగమే కనబడుద్ది కదండీ!"

అంటూనే మేడం, అలవాటుగా వెల్లకిలా తిప్పడానికి మౌస్ మీదికి చెయ్యి చాపారు. ఆ అమ్మాయి దాన్ని వదల్లేదు.