కొబ్బరికాయల బండి

సండే స్కూల్ పిల్లల్ని తిప్పడానికి పనికొస్తుందని ఈ మధ్యే ఒక పాత పికప్ కొన్నాను. మెకానిక్ పని ఇంకా నేర్చుకుంటున్నాను. ఇవాళ వెనక సామాన్లేసే డాలాలో బెంచీలు బిగిద్దామని రబ్బరు మ్యాట్ లేపితే, అడుగున అంతా చేప పొలుసులే. అనుమానమొచ్చి కిందకి దూరి చాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. కొత్త నల్లరంగు చీల్చుకుని పిడి దాకా దిగిపోయింది. చేపల ఐసు కరిగిన ఉప్పునీళ్లకి ఇనుమంతా తుప్పు పట్టి గుల్లయిపోయింది.

అమ్మినాయన మా చర్చి పెద్ద. వెంటనే ఫోన్ చేశాను.

"అంకుల్, కొబ్బరికాయలు తప్ప ఇంకేం వెయ్యలేదన్నారు కదా?"

"అరే బేటా, ప్రార్థన చేసి మరీ తాళం చేతిలో పెట్టాను. ఇన్నేళ్లలో ఏమైనా అయిందా? ప్రభువే కాపాడాడు."

పోయిన క్రిస్మస్‌కి, బండి ఇంకా ఆయన దగ్గరున్నప్పుడు, ఇందులోనే మన చర్చి పిల్లలందరూ క్యారల్స్ పాడుకుంటూ మా చౌల్దారీ ఊరి ఎత్తుపల్లాలన్నీ తిరిగారు. మా చిన్నది డాలా అంచున కూర్చుని డప్పు కొట్టింది. ఆయన మాత్రం తన మనవరాలిని స్కూటీ మీద ఎక్కించుకుని వెనకాలే వచ్చాడు. తాతకి ఎంత ముద్దో అనుకున్నాను అప్పుడు.

ఈ ఆదివారం ఆయన ప్రార్థన చేస్తే, మీరు ఆమెన్ అంటారా?