నలభయ్యో రోజు దాల్చా

మా ఎదురింట్లో ఒక దర్జీ ఆమె ఉంటుంది. వయసులో నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. మొన్న ఎండాకాలంలో వాళ్ల అమ్మ చనిపోయిన నలభయ్యో రోజున, ముస్లింల ఆనవాయితీ ప్రకారం, బగారా అన్నం, మాంసం బొక్కలు వేసి పప్పుతో చేసే దాల్చా వండి మా వాడకట్టులో అందరికీ పంచింది. ఆ రోజు నేను జనగామలో లేను. టేకుమట్లలో మా తల్లిగారింటికి పోయాను. సాయంత్రం ఆమె డబ్బా తెచ్చి మా ఆయనకిస్తే, ఆయన వంటింటి గట్టు మీద పెట్టి మర్చిపోయాడు.

మరునాడు పొద్దున ఇంటికొచ్చి మూత తీశాను. దాల్చా మీద నురగ కట్టింది. అన్నం మాత్రం ఘుమఘుమలాడుతోంది.

"అన్నం మంచిగనే ఉంది గదా. జర వేడి చేస్తే సరిపోతది," అన్నాడు ఆయన.

నేను లింగాల ఘనపూర్ వైపు పల్లెల్లో తిరిగే నర్సును. రాత్రంతా బయట ఉన్న అన్నం వాసన రాకున్నా చెడిపోయి ఉండొచ్చనీ, మళ్లీ వేడి చేసినా అందులోని విషం పోదనీ ఇంటింటికీ చెప్పేదాన్ని. అట్లా తిని వాంతులతో వాడిపోయిన పిల్లలను చూసినదాన్ని. రెండూ కవర్లో కట్టి చెత్తబుట్టలో వేశాను.

డబ్బా కడిగి, ఖాళీగా ఇవ్వలేక నాలుగు మామిడిపండ్లు పెట్టి తీసుకుపోయాను. ఆమె గుమ్మంలోనే ఆపింది.

"ఎట్లుందక్కా? అమ్మీ చేసినట్టు కుదిరిందా?"

ఆ ముఖం చూస్తూ నిజం చెప్పలేకపోయాను. "అచ్చం అమ్మ చేతి రుచే," అన్నాను.

ఆమె కళ్లు నిండాయి. అప్పటికప్పుడే భూపాలపల్లిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. నెలలు నిండి ఆ పిల్ల ఆ రోజుకు రాలేకపోయిందట. "ఎదురింటక్క తిన్నదట! అమ్మీ చేతి రుచే అంటున్నది," అని చెప్తుంటే అవతల ఏడుపు నాకూ వినబడింది.

అంతలోనే చెత్త బండి వచ్చింది. మా ఆయన బుట్ట తెచ్చి ఎత్తాడు. కవరు చిరిగి బగారా అన్నం, బొక్కలు రోడ్డు మీద పడ్డాయి. ఆమె చూసింది. మామిడిపండ్లు తీసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత బస్సుకు పోయేటప్పుడు వాళ్ల తలుపు వైపు చూడలేక తల వంచుకుని నడిచేదాన్ని. పారేయడం తప్పు కాదని నాకు నేనే ఎంత చెప్పుకున్నా మనసు ఊరుకోలేదు. చివరికి ఒక ఆదివారం పోయి ఆమె మిషన్ పక్కన కూర్చున్నాను.

"రాత్రంతా బయటనే ఉండె, చెల్లె. ఖరాబైంది. నీకు చెప్పబుద్ధి కాక అబద్ధమాడిన."

ఆమె మిషన్ ఆపింది. "ఖరాబైతే పారేస్తరు, అక్కా. నేనైనా గంతే చేస్తుంటి. కానీ మా చెల్లెకు చెప్తిని గదా. వద్దన్నా ఏడ్సుకుంట సంబురపడ్డది. ఇప్పుడు దానికేమని చెప్పాలె?"

కింద పడిన దారపు ఉండ తీసి మిషన్ మీద పెట్టి లేచి వచ్చాను.

ఇప్పటికీ ఏదైనా వండితే మా ఇంటికి పంపుతుంది. వేడివేడిగానే తింటాను. ఎట్లుందని మాత్రం ఆమె అడగదు. బాగుందని చెప్పడానికి నాకూ నోరు రాదు.