రాసివ్వని మేస్త్రి

సూర్యాపేట లారీ షెడ్డు మేస్త్రి పోయాడన్న కబురు నాకు డ్రైవర్ అంజయ్య తెచ్చాడు. మిర్యాలగూడలో మా రైసు మిల్లు ముందు లారీ ఆపి, ఇంజను బందు చేసి, తాళం తీశాడు. దిగి వచ్చాక నా ముఖం చూడకుండా చెప్పాడు.

"మేస్త్రి పోయిండు సేటూ. పొద్దుగాల షెడ్డు తలుపు తీసుకుంటనే కూలవడ్డడంట. లోడు దింపి నేను పోత. మీరు వద్దన్నా పోత."

వద్దనే మనిషిని కానని అంజయ్యకు తెలుసు. ఒకప్పుడు అలాంటి మనిషినే అని కూడా తెలుసు.

ఆ సాయంత్రం మిల్లుల వాళ్లం నలుగురం కలిస్తే ఒకాయన అన్నాడు: "పనిమంతుడేగాని మొండోడు. జర వంగి ఉంటే ఇయ్యాల పేటల మేడ కట్టెటోడు." మిగతావాళ్లు తలలు ఊపారు. నేను ఊపలేదు. మొండివాడే. ఆ మొండితనం ఎవరి కోసమో ఊళ్లో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను. ఇందులో నా పరువు పోయే సంగతులు ఉన్నాయి. పోతే పోనీ.

నాగార్జున సాగర్ కట్టే రోజుల్లో ఆయన అక్కడి వర్క్‌షాపులో పనిచేశాడు. రాళ్లు మోసే పెద్ద పెద్ద బండ్ల ఇంజన్లు విప్పి బిగించడం అక్కడే నేర్చుకున్నాడు. ఆనకట్ట పని తగ్గాక సూర్యాపేటలో బెజవాడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి సబ్బు వాడేవాడు కాదు. డీజిల్‌తో తుడిచి, తవుడుతో రుద్దుకునేవాడు. బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. డ్రైవర్‌ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "బండి సంగతి తర్వాత. నువ్వేం సూసినవ్, ఏం విన్నవ్, అది చెప్పు," అనేవాడు. ఓనరు పక్కనుండి మాట కలిపితే చెయ్యి ఎత్తి ఆపేవాడు. "తోలెటోడు చెప్పినంక నువ్వు చెప్పు."

సాగర్ కాలువ నీళ్లొచ్చి మా దగ్గర వరి పెరిగిన కొత్తలో, సాగర్ పనుల వేలంలో మా నాయన ఒక పెద్ద లారీ కొన్నాడు. డ్రైవర్ ఎదుటి పలకలో అన్ని లారీలకూ ఉండని మీటరు ఒకటి ఉండేది. ఇంజనుకు డీజిల్ ఎంత ఒత్తిడితో అందుతున్నదో చూపే మీటరు. కాలు గట్టిగా తొక్కి ఎత్తు ఎక్కుతుంటే దాని ముల్లు పైకి లేవాలి. కోదాడకు బియ్యం లోడుతో పోతున్నప్పుడు ఆ ముల్లు లేవడం మానేసింది. ఎత్తు వచ్చినప్పుడల్లా అంజయ్య బండి ఆపేవాడు. సరుకు ఆలస్యమయ్యేది.

కోదాడలో ఒక మెకానిక్ పైపైన చూసి, "పంపు పోయిందండీ. డీజిల్లో కిరసనాయిలు కలిపుంటారు," అన్నాడు. కోదాడ నుంచి ఫోనులో వచ్చిన ఆ మాట మా నాయనకు చాలింది. అంజయ్య దారిలో ఆగి డీజిల్ అమ్ముకుంటున్నాడనీ, కిరసనాయిలు, అదే మా దిక్కు గ్యాసునూనె, పోసి సరిపెడుతున్నాడనీ తేల్చేశాడు. అప్పటికే అంజయ్య కోదాడలో ఎత్తిన తిరుగు లోడుతో సూర్యాపేట దాకా వచ్చి మేస్త్రి షెడ్డులో బండి పెట్టాడు.

"పేటకు పో. పంపు ఖరాబు చేసింది డ్రైవరేనని మేస్త్రితోటి కాగితం రాయించుకొని రా. వాన్ని పనిలకెల్లి తీసేద్దాం," అని నాయన నన్ను పంపాడు. నేను కూడా నమ్మాను. నమ్మడానికి నాకు కారణం అక్కరలేకపోయింది. అతను డ్రైవరు, నేను సేటు కొడుకును.

బస్సు దిగి షెడ్డుకు పోయేసరికి అంజయ్య ఒక మూల నిలబడి ఉన్నాడు. ముఖం నల్లబడింది. డీజిల్ దొంగ అంజయ్యేనని రాసిమ్మని షెడ్డంతా వినపడేలా అని, నేను కాగితం, పెన్ను మేస్త్రి ముందు పెట్టాను.

"రాసియ్య," అన్నాడాయన.

"ఎందుకు రాయవు?"

"సూడలే కనుక."

"కోదాడల సూసిండ్రు."

"అయితే కోదాడల రాయించుకో."

నాకు కోపమొచ్చింది. మా మిల్లు బండ్లే కాదు, మిర్యాలగూడ మిల్లుల బండ్లేవీ ఇక ఈ షెడ్డుకు రావని బెదిరించాను. ఆయన పానా పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"రాకున్రి. చిన్న సేటూ, ఒక మాట అడుగుత. నీ మిల్లుల కాంటా తప్పు తూగితే బస్తాను తంతవా, కాంటాను సూస్తవా?"

ఆయన అంజయ్యను పిలిచి, నీళ్లిచ్చి అడిగాడు. "ముల్లు లేవనప్పుడు ఇంజను గుంజుడు తగ్గిందా?"

"తగ్గలే."

"పొగ? చప్పుడు?"

"ఏం లేదు. అయినా మీటరు అట్ల సూపిస్తుంటే తోలితే పంపు పాడైతదేమోనని ఆపిన. నేను గ్యాసునూనె కలపలే మేస్త్రీ. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. బండే చెప్తది."

ట్యాంకులోంచి గాజు సీసా నిండా డీజిల్ తీసి ఎండలో పెట్టాడు. వాసన చూసి, నాకూ చూపించాడు. మంచి డీజిలే. అడుగున నీళ్లు చేరలేదు. ఫిల్టరు విప్పితే శుభ్రంగా ఉంది. గొట్టం మర వదులు చేస్తే డీజిల్ బుడగలు లేకుండా వచ్చింది. ఎక్కడా గాలి పట్టలేదు. అప్పుడు బండి స్టార్టు చేయించి, మళ్లీ ఆపించి, నన్ను క్యాబిన్లోకి ఎక్కమన్నాడు.

"ఇంజను బందైంది. ఒత్తిడి లేదు. ముల్లు యాడుండాలె?"

"కిందికి పడిపోవాలె."

"మరి యాడున్నది?"

సగంలో నిలబడి ఉంది. పంపు కాదు, మీటరే అబద్ధం చెబుతున్నదని నాకు కూడా అర్థమైంది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన కాలేదన్నాడు.

"మీటరు చెడ్డదైతే పంపు మంచిదని రుజువైతదా? రేపు మళ్ల ఈయన మీదికే వస్తరు మీరు."

సాగర్ నుంచి తెచ్చుకున్న అదే రకం మీటరు ఒకటి ఆయన దగ్గర ఉంది. పాతదాన్ని అట్లాగే పలకలో ఉంచి, దాని గొట్టం దీనికి బిగించి, మీటరు నా ఒళ్లో పెట్టాడు. "నేను సూస్తే నేను అబద్ధమాడిన్నంటవు. నువ్వే సూడు." అంజయ్య లోడు బండిని రోడ్డెక్కించి ఎత్తు మీదికి తోలాడు. నా చేతుల్లో ముల్లు నిదానంగా పైకి లేచి, ఎంత లేవాలో అంత లేచి నిలిచింది. దిగేటప్పుడు తగ్గింది. అంజయ్య బండిని షెడ్డు వైపు తిప్పాడు. నన్ను తిట్టినా బాగుండేది.

షెడ్డుకు తిరిగొచ్చాక మేస్త్రి ముందు పలక విప్పి, పాత మీటరు వెనక్కి వేలు పెట్టి చూపించాడు. ఒక మేకు మీటరు రేకును చీల్చుకుని లోపలికి దిగి ఉంది. బండి కుదిపినప్పుడల్లా దాని మొన లోపలి పళ్లకు తగులుకుని ముల్లును ఎక్కడో ఒకచోట పట్టేస్తున్నది.

"ఈ పలక కొత్తగ ఏసినట్టున్నరు. ఎవలు దగ్గరుండి కొట్టిచ్చిండ్రు?"

లారీ కొన్నాక ఆ చెక్క పలక బిగించిన వడ్రంగి పక్కన నిలబడి, ఇంకా గట్టిగా కొట్టమని చెప్పింది నేను.

"నేనే," అన్నాను.

ఆయన నవ్వలేదు. మేకు పీకి, తన మీటరే పలకలో బిగించి, బండి తాళం మాత్రం తన జేబులో వేసుకున్నాడు. ఎంతయిందని అడిగి, తాళం కోసం చెయ్యి చాపాను.

"పైసలు గాదు నాకు గావాల్సింది. ఈయన్ను దొంగన్నరు. గీ షెడ్డుల ఉన్నోళ్లందరు విన్నరు. గిప్పుడు చెప్పేది కూడ వినాలె."

"డ్రైవర్‌కు నేను తప్పయిందని చెప్పాల్నా?"

"చెప్పకుంటే బండి గీన్నే ఉంటది. మీ నాయన్ను రమ్మను, పోలీసోళ్లను రమ్మను. ఆళ్లకు గూడ గీ మేకే సూపిస్త."

మెకానిక్కులు, డ్రైవర్లు పని ఆపి చూస్తున్నారు. ఎండ రేకుల మీద మండుతోంది. చివరికి, "అంజయ్యా, తప్పు నాది. నువ్వు దొంగవు కాదు," అన్నాను. "గట్టిగ," అన్నాడు మేస్త్రి. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు, ఎందుకో, నిజంగానే చెప్పాను.

ఇంటికి పోతే నాయన కాగితం అడిగాడు. "లేదు. మేకు కొట్టిచ్చింది నేనే. అంజయ్యను తీసేస్తే నేను గూడ మిల్లుకు రాను," అన్నాను. నాయనకు ఎదురుచెప్పడం నాకదే మొదలు. అంజయ్యను తీసెయ్యలేదు. కానీ నాయన తన పంతం విడవలేదు. మిల్లుల వాళ్లందరికీ చెప్పి సూర్యాపేట షెడ్డుకు బండ్లు పోకుండా చేశాడు. ఒక పంట కాలమంతా అక్కడ లారీ కనపడలేదు. నేను సిగ్గుపడుతూ చూడబోతే, ఆయన కోదాడ దగ్గరి అనంతగిరి రైతులు తెచ్చిన నీళ్ల ఇంజను ముందేసుకుని కూర్చున్నాడు.

"మా నాయన దగ్గరికి ఒక్కసారి వస్తే అయిపోతది. నేను మాట్లాడుత," అన్నాను.

"ఎందుకు రావాలె? నేనేం తప్పు జేసిన? మిల్లులోళ్లు రాకుంటే రైతులొస్తరు. రైతులు రాకుంటే గీ షెడ్డుల నేనే కూసుంట."

ఆయన మా నాయన దగ్గరికి పోలేదు. డ్రైవర్లే తిరగబడ్డారు. బండి చెడితే సూర్యాపేటకే పోతామని, లేదంటే తాళాలు తీసుకోమని ఒక్కొక్కరే ఓనర్ల ముందు పెట్టారు. మొదట పెట్టింది అంజయ్య. మరుసటి పంటకు లారీలు మళ్లీ ఆ షెడ్డు ముందు బారులు తీరాయి. నాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తర్వాత ఎప్పుడో ఆయనకు కృతజ్ఞత చెప్పబోయాను. నన్ను మనిషిని చేశారని ఏదో అన్నాను. ఆయన తవుడుతో చేతులు రుద్దుకుంటూ, "నేను మీటరు బాగుజేసిన. మిగతాది నువ్వు జేసుకున్నవ్," అన్నాడు. ఆ మాట కూడా పొగడ్తలా అనలేదు. వెంటనే నా బండి టైర్లు అరిగాయని తిట్టాడు.

దహనానికి అంజయ్యతో పాటు నేనూ పోయాను. పాడె లేవడానికి సిద్ధమైంది. మేస్త్రికి ఒక అన్న ఉన్నాడు, మాడుగులపల్లి దిక్కు గొర్ల కాపరి. ఆ రోజుల్లో మేత కోసం సూర్యాపేట దాపుల్లోనే ఉన్నాడట. మందను ఎవరికి అప్పగించాలో తెలియక వెంట తోలుకునే వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, మందతో బండ్ల నడుమ దాటలేక రోడ్డుకు అవతల నిలబడి, తమ్ముడి షెడ్డు వైపు చూస్తున్నాడు. అంజయ్య పోయి రోడ్డు నడుమ నిలబడి రెండు చేతులూ చాపాడు. అటు లారీలు, ఇటు లారీలు ఆగిపోయాయి. వెనక ఎవరిదో కారు హారను మీద హారను కొట్టింది. అంజయ్య అటు తిరిగి కూడా చూడలేదు. గొర్లు ఒకదానినొకటి రాసుకుంటూ తారు మీద దాటసాగాయి. అన్నిటికన్నా వెనక ఒక పిల్ల కుంటుకుంటూ వచ్చి నడిరోడ్డు మీద ఆగింది. కారు హారను మళ్లీ మోగింది. చేతులు చాపినవాడు చాపినట్టే ఉన్నాడు. గొర్రెపిల్ల అటూ ఇటూ చూసి, తన తీరికన తాను నడిచింది.